రెండో సంతకం

లైట్ల మాస్టారు: మన నాటక శాఖ ప్రవేశాల కరపత్రం చూశాను మేడమ్. నలుగురు అధ్యాపకుల పేర్లు, డిగ్రీలు, పరిశోధన చేసిన అంశాలు, ఫొటోలు ఉన్నాయి. చివరి పేజీలో అడుగున ‘సాంకేతిక సిబ్బంది: ముగ్గురు’ అని ఒక్క ముక్క ఉంది. పేర్లు లేవు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి, సెట్ల వడ్రంగి ఒకరు, హార్మోనిస్టు గారు ఒకరు. రెండేళ్ల కోర్సులో పిల్లలు ఎవరి దగ్గర ఎన్ని గంటలు గడిపారో లెక్క తీయండి. సగానికి పైగా మా దగ్గరే తేలుతుంది. నేర్పేవాణ్ణి అధ్యాపకుడంటారు కదా, మరి మేమెవరం?

ఆచార్యురాలు: పేర్లు వేయకపోవడం తప్పే. అందులో నాకు వాదన లేదు, వచ్చే ఏడాది వేయిస్తాను. కానీ మాస్టారూ, మీరడిగేది కరపత్రంలో పేరు గురించి కాదు. అధ్యాపక హోదా అడుగుతున్నారు. డిగ్రీ లేకపోయినా, అర్హత పరీక్ష రాయకపోయినా, చేతిలో పని ఉంటే చాలు, పాఠం చెప్పే పోస్టు ఇవ్వమంటున్నారు. దానికి నేను ఒప్పుకోను.

లైట్ల మాస్టారు: ఆ అర్హత పరీక్ష సంగతే చూద్దాం. నెట్ అంటే మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. రసాలెన్ని, రూపకాలెన్ని, ఏ నాటకం ఎవరిది. అవన్నీ తెలియాలి, కాదనను. కానీ ఆ మూడు గంటల్లో అభ్యర్థి ఒక్కసారి కూడా లేచి నిలబడే పని లేదు, గొంతు విప్పే పని లేదు. పదిమంది పిల్లల్ని వేదిక మీదికి తీసుకొచ్చి ఒకరికొకరు అడ్డం పడకుండా నిలబెట్టగలడా అని అడిగేవాళ్లు లేరు. ఈత మాస్టారుని ఒడ్డున కూర్చోబెట్టి నీటి మీద ప్రశ్నలడిగినట్టుంది.

ఆచార్యురాలు: నెట్ ఒక్కటే దారి కాదు. యూజీసీ 2018 నిబంధనల్లో నాటకం సబ్జెక్టుకు ప్రత్యేకంగా మరో దారి పెట్టారు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా నుంచో, అలాంటి గుర్తింపు ఉన్న సంస్థ నుంచో మొదటి శ్రేణి డిప్లొమా ఉండి, ప్రాంతీయ, జాతీయ రంగస్థలాల మీద అయిదేళ్లు పేరు తెచ్చుకున్న ప్రదర్శనలు సాక్ష్యంతో చూపించగలిగితే, చేసే పనిని కారణాలతో వివరించి చెప్పగలిగితే, ఆ కళాకారుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. నాటకం వేరే రకం విద్య అని రాసినవాళ్లకీ తెలుసు.

లైట్ల మాస్టారు: ఆ తలుపు ఎత్తు నటుడికి, దర్శకుడికి సరిపోయేలా పెట్టారు. మేం పట్టం. సాక్ష్యం అంటున్నారు. వెలుగుకి సాక్ష్యం ఎక్కడుంటుంది? ప్రదర్శన అయ్యాక మెయిన్ కట్టేస్తే నా పని అక్కడితో పోయినట్టే. మిగిలేది ఆ రోజు పంచిన కాగితం. దాని మీద కూడా ‘లైటింగ్: శాఖ సిబ్బంది’ అని వేస్తారు. ముందు నా పేరు అచ్చు వేయరు, తర్వాత అచ్చులో నీ పేరేదీ అని అడుగుతారు.

ఆచార్యురాలు: ఈ మాట గట్టిగానే తగిలింది. దీనికి సమాధానం చెప్పే ముందు, నేను నియమాల వైపు ఎందుకు నిలబడతానో చెప్పాలి.

నాకు పదిహేడేళ్లప్పుడు మా ఊళ్లో ఒక నాటక సమాజం ఉండేది. మంచి సమాజమే, పరిషత్తు పోటీల నుంచి బహుమతులు తెచ్చేది. చేరతానని వెళ్లాను. రిహార్సల్ అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది, నిన్ను ఇంటి దగ్గర ఎవరు దిగబెడతారమ్మా అన్నారు. కసురుకుని అనలేదు, మర్యాదగానే అన్నారు. స్త్రీ పాత్రలకు వాళ్లు బయటి ఊరి నుంచి నటిని మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ పోటీకి ముందు రెండు మూడు రిహార్సళ్లకు వచ్చి, పోటీ అవగానే బస్సెక్కి వెళ్లిపోయేది. నేర్చుకుంటానని వచ్చిన ఆడపిల్ల ఆ సమాజంలో ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఏడాది పేపర్లో విశ్వవిద్యాలయం ప్రకటన పడింది. ఫారం, ఫీజు, ఎంపిక తేదీ, రిజర్వేషన్ల వివరం. ‘నిన్ను ఎవరు దిగబెడతారు’ అనే గడి ఆ ఫారంలో లేదు. మాస్టారూ, నా జీవితంలో నేను చదివిన అన్ని కాగితాల్లోకీ ఆ ఫారం గొప్పది.

మన రంగస్థల చరిత్రలో స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావు గారి పేరు ఎంత భక్తిగా చెప్పుకుంటామో మీకు తెలుసు. నేనూ అలాగే చెప్పుకుంటాను. కానీ ఆ ఘనత పక్కనే ఇంకొకటి కూడా ఉంది. స్త్రీ పాత్రను స్త్రీయే వేయాలని బళ్లారి రాఘవ లాంటి మహానటుడు పట్టుబట్టి చెప్పవలసి వచ్చింది. అనుభవం ఒక్కటే అర్హత అంటే, అనుభవం సంపాదించే చోటికి ఎవరిని రానిచ్చారు అన్న ప్రశ్న వస్తుంది. పరీక్ష వల్ల మంచి గురువు దొరుకుతాడని నేను చెప్పను. కానీ దానివల్ల గుమ్మం దగ్గర నిలబడి ముఖం చూసి లోపలికి పంపే మనిషి లేకుండా పోయాడు. నాకు కావలసింది అదే.

లైట్ల మాస్టారు: మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు చెప్పింది కథలో సగమే మేడమ్. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లికి కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో అక్కడ మొదలైన సురభి కంపెనీల్లో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేశారు. బళ్లారి రాఘవ గారు చెప్పడానికి చాలా ముందే. ఏ విశ్వవిద్యాలయం నేర్పింది వాళ్లకి? మాయాబజార్లో, పాతాళభైరవిలో తీగల మీద మనుషుల్ని లేపడం, బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, కన్నుమూసి తెరిచేలోగా తెర మార్చడం. ఇవన్నీ తాత చేస్తుంటే తండ్రి, తండ్రి చేస్తుంటే కొడుకు చూసి నేర్చుకున్నవే. పసిపిల్ల కూడా ఏదో ఒక వేషంతో వేదిక మీదికి వచ్చేస్తుంది. ఆ పిల్లకి పదేళ్లొచ్చేసరికి తెర ఎత్తే తాడు ఎంత బిగువుగా ఉండాలో చేతికి తెలిసిపోతుంది. మన ఎంపీఏ పిల్లలకి రెండేళ్ల తర్వాత కూడా ఆ చెయ్యి రాదు.

ఆచార్యురాలు: సురభి ఆడవాళ్ల విషయంలో మీరే రైటు, నేను తొందరపడ్డాను. కానీ ఆ విద్య అందాలంటే ఆ ఇంట్లో పుట్టాలి కదా. ఇంటి విద్యకు ఉన్న బలం, దానికి ఉన్న ప్రహరీ రెండూ ఒకటే. నాలాంటి బయటి పిల్ల ఎక్కడికి పోవాలి?

ఒక సంగతి గుర్తు చేస్తాను. కన్నడ నాటక దర్శకుడు బి.వి.కారంత్ చిన్నతనంలో గుబ్బి వీరణ్ణ కంపెనీలో చేరాడు. కంపెనీ నాటకాన్నే జీవితంగా పెట్టుకున్న గుబ్బి వీరణ్ణ గారే ఆ కుర్రాణ్ణి బనారస్ పంపి ఎం.ఏ. చదివించారు. కారంత్ ఆ తర్వాత నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివాడు, అదే స్కూలుకు డైరెక్టరయ్యాడు. కంపెనీ పెద్దాయనే తన కుర్రాడికి చదువు కావాలనుకున్నాడంటే, ఆయనకు ఏదో లోటు కనబడి ఉండాలి కదా.

లైట్ల మాస్టారు: ఆ కారంత్ గారే 1990ల్లో హైదరాబాదు వచ్చి సురభి వాళ్లతో కూర్చున్నారు. వాళ్లతో భీష్మ చేయించారు. అంత చదువుకున్న మనిషి డిగ్రీలు లేని ఆ కుటుంబాల మధ్య నేల మీద కూర్చుని పాట కట్టారంటే, ఆయనకూ అక్కడ ఏదో కనబడి ఉండాలి. నేను అడిగేది కూడా అంతే. మీరు పై నుంచి, మేం కింద నుంచి కాకుండా, ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని.

నేను ఏం నేర్పుతానో ఒక్క రోజు చెప్తాను వినండి. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారం. ఒక కుర్రాడు మాడిపోయిన హాలోజన్ బల్బు తీసి కొత్తది పెట్టబోతున్నాడు. వట్టి చేత్తో గాజు పట్టుకున్నాడు. ఆపాను. చేతి జిడ్డు గాజుకి అంటితే, వెలిగించినప్పుడు ఆ ఒక్క చోటే వేడెక్కి గాజు ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది. కింద నటులుంటారు. గుడ్డతో పట్టుకోవాలి. ఆ తర్వాత లోడు లెక్క. వెయ్యి వాట్ల లైటు ఒక్కొక్కటి నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. 15 ఆంపియర్ల లైను మీద మూడే పెట్టాలి. దర్శకుడు అరిచినా, ఆచార్యులు అడిగినా నాలుగోది పెట్టకూడదు. నిచ్చెన ఎక్కినవాడి జేబులో స్పానర్ ఉండకూడదు, నడుముకు తాడు కట్టి వేలాడదీసుకోవాలి. ఇవి పుస్తకంలో లేవని నేను అనను. పుస్తకంలో ఉన్నా, ఆ చెయ్యి గాజు మీద పడబోయిన క్షణంలో ఆపే మనిషి పక్కన ఉండాలి. ఇన్నేళ్లలో నా వేదిక మీద ఒక్క పిల్లవాడికి కూడా షాక్ కొట్టలేదు, ఒక్కరూ పడలేదు. ఇది నా పరిశోధన గ్రంథం అనుకోండి.

ఆచార్యురాలు: అనుకుంటాను. నిజంగానే అనుకుంటాను. కానీ ఆ ఒక్క రోజుకి పక్కన ఇంకో రోజు పెడతాను, ఒప్పుకోండి.

ఎల్ఈడీ లైట్లు వచ్చిన ఏడాది గుర్తుందా? అంతవరకు మీరు పిల్లలకి నేర్పింది జెలటిన్ కాగితాల లెక్క. రాత్రికి ఈ నీలం, తెల్లవారుజాముకి ఈ నీలం మీద ఆ గులాబీ, కోపానికి ఈ ఎరుపు. పిల్లలు శ్రద్ధగా నోట్ చేసుకున్నారు. ఎల్ఈడీలు పెట్టగానే ఆ లెక్కంతా తలకిందులైంది. జెలటిన్ తెల్లటి వెలుగులోంచి మిగతా రంగుల్ని ఆపేసి ఒక్క రంగును వదులుతుంది. కాగితం మీద కాగితం వేసేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఎల్ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపేకొద్దీ వెలుగు పెరిగి తెలుపు వైపు వెళుతుంది. ఒకటి తీసివేత, ఒకటి కూడిక. ఆ కారణం తెలిసిన ఇద్దరు పిల్లలు వారం రోజుల్లో కొత్త బోర్డు మీద పని పట్టుకున్నారు. మీ నోట్సు మాత్రమే రాసుకున్నవాళ్లు పాత రాత్రి కోసం వెతుక్కుంటూ ఉండిపోయారు. వాళ్లు మందబుద్ధులు కారు. ‘ఇలా చెయ్యి’ అని విన్నారు, ‘ఎందుకు’ అన్నది వినలేదు. విద్యార్థికి ‘ఎందుకు’ అని అడిగే హక్కుంది. దానికి జవాబు చెప్పి తీరవలసిన మనిషినే నేను అధ్యాపకుడంటాను. ఆ బాధ్యత రాతలో ఉండాలి.

లైట్ల మాస్టారు: ఉంది, గుర్తుంది. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి నోట్‌బుక్ అడిగి తీసుకుని నేను కూడా ఆ కూడికా తీసివేతా నేర్చుకున్నాను. చేత్తో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదాన్ని మాటల్లో చెప్పమంటే నా దగ్గర మాటల్లేకపోయాయి. ఆ లోటు నాది. ఒప్పుకుంటున్నాను.

కానీ కారణం తెలిస్తే అయిపోయిందా? కన్యాశుల్కం వేసినప్పుడు చూశారు కదా. గిరీశం ఆఖరి మాట అనగానే జనం నవ్వుతారు. ఆ నవ్వు పూర్తిగా లేవకముందే వెలుగు తీసేస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. నవ్వు దిగిపోయేదాకా ఉంచితే నటుడు ఏం చెయ్యాలో తెలియక బిత్తరపోయి నిలబడతాడు. నవ్వు పైకి లేచి, ఇక దిగబోతోందనగా తియ్యాలి. ఎన్ని సెకన్లు అని ఏ బోర్డులో రాయాలి? విజయనగరంలో ఒక లెక్క, హాస్టల్ పిల్లలు నిండిన మన హాల్లో ఇంకో లెక్క. ఆ అమ్మాయికి రంగుల కూడిక వచ్చు, ఈ చెవి లేదు. మూడు ప్రదర్శనలు నా పక్కన కూర్చుంది. నేను ఒక్క మాట చెప్పలేదు. వెలుగు తగ్గించే మీట మీద దాని చెయ్యి ఉంచి, దాని మీద నా చెయ్యి ఉంచాను. మూడో రాత్రి నా చెయ్యి తీసేశాను. సరిగ్గా తీసింది. మీరు అడిగే ‘ఎందుకు’ అక్కడ ఎలా చెప్పాలి?

ఆచార్యురాలు: చెప్పలేరు. నేనూ చెప్పలేను.

నేను లెక్చరర్‌గా చేరిన తర్వాత చేసిన మొదటి నాటకం గురించి మీకు తెలియదు, మీరింకా రాలేదు. సెట్టు నేనే గీశాను. కొలతలన్నీ కాగితం మీద సరిగ్గా ఉన్నాయి. వర్క్‌షాపులో అంతఃపురం గోడ తయారైంది. ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం హాలుకి మోసుకొస్తే, గోడ హాలు తలుపులో పట్టలేదు. వేదిక కొలిచాను కానీ తలుపు కొలవలేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పటి వడ్రంగి గారు ఏమీ అనలేదు. రాత్రికి రాత్రి గోడని నిలువునా రెండు ముక్కలు చేసి, వెనక మడతబందులు వేసి, పుస్తకంలా మడిచి లోపలికి తెచ్చారు. పొద్దున చూస్తే అతుకు స్తంభం నీడలో కలిసిపోయింది. విమర్శకులు ఆ సెట్టును మెచ్చుకున్నారు, ఆ మెప్పు నా పేరు మీద రాశారు. నేను ఆయన పేరు చెప్పలేదు. చెప్పాలని తోచకపోవడం కాదు, తోచింది. కొత్తగా చేరాను, తప్పు బయటపడుతుందని భయపడ్డాను. ఆయన పోయారు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

లైట్ల మాస్టారు: ఆయన దగ్గరే మా వడ్రంగి పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఏ సెట్టు మొదలుపెట్టినా ముందు వెళ్లి తలుపు కొలుస్తాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆచార్యురాలు: అడగండి. నా పేరు చెప్తాడేమో చూద్దాం.

అయినా మాస్టారూ, ఇంత ఒప్పుకున్నాక కూడా పోస్టు విషయంలో నా భయం పోలేదు. చేతి విద్యకు అధ్యాపక పదవి ఇవ్వాలనుకుందాం. ఆ విద్య ఎవరి దగ్గర ఉందో తేల్చేది ఎవరు? 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అని తెచ్చింది. డిగ్రీ తప్పనిసరి కాదు. సొంత రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలి, అది పెద్ద హోదాలో అయితే మేలు అన్నారు. మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతం దాకా ఇలా తీసుకోవచ్చు, కానీ మంజూరైన పోస్టుల్లో కాదు, వాటికి బయట. మూడేళ్లు, మరీ అయితే ఇంకో ఏడాది. పిలిచే చొరవ వైస్ ఛాన్సలర్‌ది. ఈ దారిన నాటక శాఖలోకి ఎవరొస్తారనుకుంటున్నారు? హార్మోనిస్టు గారా?

లైట్ల మాస్టారు: రారు. సినిమాలో పేరున్న నటుడొస్తాడు. ఏడాదికి రెండు రోజులొస్తాడు, ఫొటో దిగుతాడు. ‘పెద్ద హోదా’ అన్న దగ్గరే మేం రాలిపోయాం. మా అనుభవం ఎప్పుడూ చిన్న హోదాలోనే జరిగింది. అదీ కాక, ఇప్పటికే ఇక్కడ ఉద్యోగంలో ఉన్నాను కదా, ఆ పథకం బయటి నుంచి వచ్చేవాళ్లకి. నేను అడుగుతున్నది అది కాదు మేడమ్, దాన్ని నా నెత్తిన పెట్టకండి.

ఆచార్యురాలు: పెట్టను. కానీ మీరు తెరవమన్న తలుపు తెరిస్తే ముందు దూరేది అదే. మంజూరైన పోస్టు అంటే రోస్టర్ ఉంటుంది, ఎస్సీకి ఇన్ని, ఎస్టీకి ఇన్ని, బీసీకి ఇన్ని, స్త్రీలకు ఇన్ని అని. ఖాళీ అయిన పోస్టు నింపమని అడిగే హక్కుంటుంది. ‘ప్రతిభావంతుణ్ణి పిలిచాం కదా, ఇంకా పోస్టెందుకు’ అనే మాట ఒక్కసారి మొదలైతే ఆ హక్కు పోతుంది. నాతో పాటు ఆ ప్రకటన చూసి వచ్చినవాళ్లలో పాలేరు కొడుకులున్నారు, చిందు భాగవతం ఆడే ఇంటి నుంచి వచ్చినవాడున్నాడు. వాళ్ల వెనక వచ్చేవాళ్లకి ఆ ప్రకటన రావాలి. అందుకోసం నేను గుడ్డి నియమం పక్షాన అయినా నిలబడతాను.

లైట్ల మాస్టారు: ఆ చిందు భాగవతం ఇంటి నుంచి వచ్చిన మనిషి తన తల్లి దగ్గర నేర్చుకున్న ఆటతో కదా మీ డిగ్రీలో ఫస్టు వచ్చాడు. ఆ తల్లి మన శాఖలో పాఠం చెప్పడానికి వస్తే ఆమెకు ఏ పోస్టిస్తారు? ‘అతిథి కళాకారిణి, ఒక రోజు, రానూపోనూ చార్జీలు.’ కొడుకు ఆమె ఆట మీద సిద్ధాంత గ్రంథం రాస్తే డాక్టరు. ఆ ఆట ఆడేది ఆమె. నేను కొడుకుని తక్కువ చేయడం లేదు, ఆ డిగ్రీ వాడి హక్కు. కానీ ఆ ఇద్దరి మధ్య ఈ గోడ ఎవరు కట్టారు?

ఆచార్యురాలు: దీనికి నా దగ్గర జవాబు లేదు. రోజూ మోస్తున్న ప్రశ్న ఇది.

లైట్ల మాస్టారు: ఇంకోటి కూడా చెప్పాలి. నేను పర్మినెంటు. నా తర్వాత వచ్చేవాడు కాడు. హార్మోనిస్టు గారు రిటైరైతే ఆ పోస్టు నింపరు, ఏజెన్సీ నుంచి ఎవరో వస్తారు. ఏడాదికోసారి కాంట్రాక్టు మారితే మనిషి కూడా మారతాడు. పద్యనాటకంలో హార్మోనిస్టు అంటే వాద్యం వాయించేవాడు మాత్రమే కాదు. పిల్లవాడి గొంతు విని వాడికి శ్రుతి పెడతాడు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్తాడు, వాడు వేదిక మీద పద్యం మధ్యలో మరిచిపోతే రాగం లాగి లాగి వాడికి మాట అందేదాకా నిలబెడతాడు. ఆ బాంధవ్యం పదకొండు నెలల కాంట్రాక్టులో పుట్టదు. మీ పోస్టుల గురించి మీరు భయపడుతున్నారు. మా పోస్టులు ఇప్పటికే పోయాయి. అధ్యాపకుడి పోస్టు ఖాళీగా ఉంటే పేపర్లో వార్త వస్తుంది, వడ్రంగి పోస్టు ఎత్తేస్తే ఎవరికీ తెలియదు. మమ్మల్ని అధ్యాపక బల్ల దగ్గరికి రానిస్తే కనీసం మీరైనా మా ఖాళీల గురించి మాట్లాడతారని నా ఆశ.

ఆచార్యురాలు: మాట్లాడలేదు. నిజమే. మా సంఘం వినతిపత్రాలు అన్నీ నేనే రాశాను, వాటిలో సాంకేతిక సిబ్బంది ఖాళీల గురించి ఒక్క వాక్యం లేదు.

మరి ఇంకో వైపు కూడా చూడండి. మీరు అయిదింటికి తాళం వేసి వెళ్లిపోవచ్చు. నిబంధన అదే. రిహార్సల్ మొదలయ్యేది అయిదింటికే. రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటారు. ఓవర్‌టైం లేదు, బదులు సెలవు లేదు. మీరు ఒక్కరోజు కూడా అడగలేదు. అది గొప్ప మనసని మేమంతా అన్నాం. ఇప్పుడు ఆలోచిస్తే నాకు భయమేస్తోంది. నాటకం మీద ప్రేమ పేరుతోనే ఈ రంగస్థలం తన పనివాళ్లందరి చేతా ఊరికే పని చేయించుకుంది. రేపు మిమ్మల్ని అధ్యాపకుడంటే ఆ ప్రేమను ఇంకా ఎక్కువ వాడుకుంటారు. నియమం రాతలో ఉంటే గంటలు కూడా రాతలో ఉంటాయి.

లైట్ల మాస్టారు: మా ఆవిడ ఇదే మాట ఎప్పటి నుంచో అంటోంది. నేను వినలేదు. మీ నోట వినేసరికి వేరేగా ఉంది.

సరే మేడమ్. పోస్టు మాట కాసేపు పక్కన పెడతాను. వదిలేయడం లేదు, పక్కన పెడుతున్నాను. ఒక్కటి అడుగుతాను. లైటింగ్ ప్రాక్టికల్ పరీక్షకు మార్కులు ఎవరు వేస్తారు?

ఆచార్యురాలు: శాఖ అధ్యాపకుడొకరు, బయటి ఎగ్జామినరొకరు.

లైట్ల మాస్టారు: ఆ బయటి ఆయన పొద్దున దిగి సాయంత్రం రైలెక్కుతాడు. ఆ పిల్ల రెండేళ్లు ఏం చేసిందో ఆయనకు తెలియదు. నిచ్చెన పట్టుకున్నది నేను, చెయ్యి తీసేసింది నేను. ఆ జాబితా మీద నా సంతకం ఎందుకుండకూడదు? మీ సంతకం తీసేయమనడం లేదు. మీది మొదటిది, నాది రెండోది.

ఆచార్యురాలు: సంతకం అంటే పేరు రాయడం కాదు మాస్టారూ. రేపు ఒక విద్యార్థి తనకు అన్యాయం జరిగిందని అర్జీ పెడితే, ఎందుకు తక్కువ వేశారో మీరు కాగితం మీద జవాబివ్వాలి. ‘దానికి చెవి లేదు’ అంటే కుదరదు. ఏ దృశ్యంలో, ఏ క్యూలో, ఎంత ఆలస్యమైందో రాయాలి. మీకు నచ్చిన పిల్లకి ఎక్కువ వేశారని అంటే దానికీ లోబడాలి.

లైట్ల మాస్టారు: రాస్తాను. మాటలు రాకపోతే ఆ అమ్మాయినడిగి నేర్చుకుంటాను, రంగులు నేర్చుకున్నట్టే. నాకు పనికొచ్చే నియమం మీ దగ్గర ఇదొక్కటే ఉంది, దీన్నైనా నా మీద పెట్టండి.

ఆచార్యురాలు: సంతకం విషయం బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెడతాను. వడ్రంగి గారికి, హార్మోనిస్టు గారికి కూడా వాళ్ల వాళ్ల ప్రాక్టికల్స్‌లో. పరిపాలన విభాగం ఒప్పుకోకపోవచ్చు, అయినా పెడతాను. పోస్టు విషయంలో మాత్రం మీతో ఇప్పటికీ ఏకీభవించను. ప్రకటన లేని నియామకానికి నేను ఎప్పటికీ చెయ్యెత్తను.

లైట్ల మాస్టారు: ఎత్తకండి. ప్రకటనలో మా పనికి చోటుండేలా రాయించండి, మేమూ మా పిల్లలూ వరసలో నిలబడతాం. బోర్డు మీటింగు మాత్రం జూన్ లోపే పెట్టించండి మేడమ్. హార్మోనిస్టు గారు జూన్ 30న రిటైరవుతున్నారు. ఆయన వెళ్లేలోగా ఒక్క జాబితా మీదైనా సంతకం పెట్టాలి.